మోచేతుల దాకా

జూన్ 2

అన్నయ్య వచ్చాడు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయట. ఇక్కడి కంటి ఆసుపత్రిలో చూపించి, ఆపరేషన్ అయ్యేదాకా నా దగ్గరే ఉంటాడు. వదిన నడుం నొప్పితో రాలేకపోయింది. ఆయన్ని బస్సెక్కించి, బస్సు నా దగ్గరికి చేరేలోపు నాకు ఐదుసార్లు ఫోన్ చేసింది.

నా రాత గది ఆయనకిచ్చాను. బల్ల గోడ వైపు జరిపి మడత మంచం వేశాను. రెండేళ్లుగా ఆ బల్ల మీద ఒక్క ముక్క పుట్టలేదు కాబట్టి త్యాగం ఏమీ లేదు.

గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అడిగాడు. "సబ్బెక్కడే పిట్టా?"

తనకి అరవై నాలుగు, నాకు యాభై ఎనిమిది. ఇంకా పిట్టనే. మోచేతుల దాకా మూడుసార్లు కడిగాడు. ఆ తర్వాతే మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు.

నువ్వొచ్చావు, చాలా సంతోషంగా ఉంది అన్నాను. ఏమీ అనిపించలేదు.

జూన్ 3

రాయలేదు.

జూన్ 4

పత్రిక సంపాదకుడు ఫోన్ చేశాడు. రచయితలు కూర్చుని రాసే చోట్ల మీద ప్రత్యేక సంచిక వేస్తున్నారట.

"మేడమ్, రెండేళ్లయింది మీరు మాకేదైనా ఇచ్చి. ఇదైనా ఇవ్వండి. మీ నవల్లోని ఆ పట్టుపురుగుల గది నుంచి మొదలుపెట్టండి. మా పాఠకులు ఆ గది కోసం ఇప్పటికీ ఉత్తరాలు రాస్తారు."

ఇరవయ్యో తారీకుకి ఇస్తానన్నాను. ఇస్తాననడానికి బల్ల అక్కర్లేదు కదా.

రెండేళ్లుగా ఎందుకు రాయలేదంటే, ఆ బల్ల వల్లే. ఎత్తెక్కువ. వడ్రంగిని పిలిస్తే కాళ్లు రెండంగుళాలు కోశాడు. అప్పుడు కుర్చీ ఎత్తయింది. కుర్చీ కాళ్లూ కోశాడు. మూడోసారి పిలిచేసరికి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అమ్మా, ఇక చాప కొనుక్కోండి. అంతకంటే కిందకి నా వల్ల కాదు."

రెండేళ్ల కిందట నా పుస్తకానికి జరిగిన సభకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

జూన్ 5

ఆసుపత్రి. కళ్ల డాక్టరు నా కూతురి వయసు ఉంటుంది. కళ్లు చూసింది. తర్వాత ఆయన చేతులు తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు.

"ఇవేంటి పెద్దాయనా, ఇలా పగిలిపోయాయి?"

వేళ్ల సందుల్లో నెర్రెలు. మణికట్టు మీద రెండుచోట్ల చీము. మోచేతుల దాకా చర్మం ఎర్రగా, పొరలు పొరలుగా లేచింది. నేను మూడు రోజులుగా చూస్తూనే ఉన్నాను. మూడు రోజులేమిటి, ఎన్నేళ్లుగానో చూస్తున్నాను.

"కడుగుతుంటాను కదమ్మా, అంతే" అన్నాడు.

"అదే మానాలి. చేతుల మీద ఇన్ఫెక్షన్ పెట్టుకుని వస్తే నేను కంట్లో కత్తి పెట్టను. చుక్కలు వేసుకునేది కూడా ఈ చేతులతోనేగా. రోజుకి మూడుసార్లకి మించి నీళ్లు తగలకూడదు, ఈ మందు రాయాలి." నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఎడమ కంట్లో ఒత్తిడి పెరుగుతోందండీ. ఎక్కువ రోజులు ఆగితే ఆ కంటికి చూపు వస్తుందని నేను చెప్పలేను. మీరే మాన్పించాలి."

అన్నయ్య బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చాం. తాళం తీస్తుంటే వెనక నుంచి అడిగాడు. "సబ్బెక్కడ పెట్టావే?"

జూన్ 6

వంటగట్టు మీద రాస్తున్నాను. నిలబడి. పొయ్యికీ కుళాయికీ మధ్య ఒక పుస్తకం పట్టేంత చోటుంది. నా మొదటి నవల సగం ఇలాంటి గట్టు మీదే రాశాను. ఆ కాగితాలకి ఇప్పటికీ నూనె మరకలున్నాయి.

వ్యాసం కోసం పాత చోట్లన్నీ తలుచుకున్నాను. హాస్టల్లో ఇస్త్రీ బల్ల. అది ఖాళీగా ఉండేది తెల్లవారుజామునే. నీళ్ల శాఖ ఆఫీసులో పాత ఫైళ్ల గది, భోజనం వేళ నలభై నిమిషాలు. మావారు బతికున్నప్పుడు అద్దెకున్న ఇంట్లో మేడ మెట్ల కింది సందు. అక్కడ తల ఎత్తితే దెబ్బ తగిలేది కాబట్టి వంచిన తల ఎత్తకుండా రాశాను. చెత్త పుస్తకం, కానీ పూర్తయింది.

అన్ని చోట్లా కొన్ని పిచ్చి అలవాట్లు. కాళ్లు కడుక్కుని కూర్చోవాలి. కిటికీకి తడిగుడ్డ కట్టాలి. తలుపుకి వీపు పెట్టాలి. ఇంటర్వ్యూల్లో అడిగితే, పల్లెలో పెరిగాను కదండీ, పురుగుల గది నేర్పిన క్రమశిక్షణ అని చెప్పేదాన్ని. బాగుండేది ఆ మాట.

మొదటి రెండు నిజంగా ఆ గదివే. కాళ్లు కడగందే నాన్న లోపలికి రానిచ్చేవాడు కాదు. ఎండ తగలకుండా కిటికీలకి తడి గోనెలు వేలాడేసేవాళ్లం. వీపు సంగతి మాత్రం ఆ గది నేర్పింది కాదు.

జూన్ 7

మూడు పేజీలు రాశాను. రెండేళ్ల తర్వాత మూడు పేజీలు! సంబరపడాలి కాబోలు.

మట్టి గోడల పొడుగాటి గది. వెదురు తట్టలు అంతస్తులుగా పేర్చి, వాటి నిండా పురుగులు. అవి నాలుగుసార్లు తిండి మానేసి, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతాయి. దాన్ని జ్వరం అనేవాళ్లం. జ్వరంలో ఉన్న పురుగుకి ఆకు వేయకూడదు, తట్ట కదపకూడదు, చర్మం వదిలి అదే లేస్తుంది. నాలుగో జ్వరం దాటితే ఇక ఆకలే ఆకలి. గదంతా మల్బరీ ఆకు నమిలే చప్పుడు, బయట వాన పడుతోందేమో అనిపించేది. నేను ఆ చప్పుడులో మూల కూర్చుని, తట్టల్లో పరిచే పాత పేపర్ల అంచుల మీద పెన్సిలుతో కథలు రాసేదాన్ని. అప్పటికి నాకు పదకొండేళ్లు.

ఇక్కడిదాకా బాగానే వచ్చింది. తర్వాతి వాక్యం, అన్నయ్య పక్క చేనులో పురుగుమందు కొట్టి వచ్చిన రోజు గురించి, నా పుస్తకంలోదే దించాను. "ఆ రోజు అన్నయ్య మందు చేతులతో లోపలికి వచ్చాడు."

ఆపేశాను. వంటగట్టు మరీ ఇరుకు.

జూన్ 8

పైఇంటివాళ్ల మిక్సీ. రాయలేదు.

జూన్ 9

వాషింగ్ మెషీన్ మీద రాసి చూశాను. ఎత్తు సరిగ్గా సరిపోయింది. వడ్రంగికి చెబితే ఉరేసుకుంటాడు.

ఊరికే గుర్తొచ్చింది, రాసి పెడుతున్నాను. రెండేళ్ల కిందట, ఆ పురుగుల గది నవలకి పాతికేళ్లు నిండాయని సభ పెట్టారు. అన్నయ్య వదినతో వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. మాట్లాడుతున్న పెద్దమనిషి ఉత్సాహం ఆపుకోలేకపోయాడు. "ఏ చేతుల వల్ల ఒక పల్లె ఇంట్లో పట్టుపురుగుల పంటంతా ఒక్క రాత్రిలో చచ్చిపోయిందో, ఏ చేతులు మనకింత గొప్ప నవలనిచ్చాయో, ఆ చేతులాయన ఇక్కడే ఉన్నారు. ఒక్కసారి లేవండి సార్!"

అన్నయ్య లేచాడు. హాలంతా చప్పట్లు. దణ్ణం పెట్టబోయి, చేతులు సగం దాకా లేపి, మళ్లీ జేబుల్లో పెట్టేసుకున్నాడు. నవ్వాడు కూడా.

వేదిక మీద నేనూ చప్పట్లు కొట్టాను.

జూన్ 10

ఇవాళ పదిహేడుసార్లు కడిగాడు. లెక్కపెట్టడం మానేయాలి.

జూన్ 11

సబ్బు దాచేశాను. బట్టల సబ్బు వెతికి తీసుకున్నాడు. అదీ దాచాను. గిన్నెలు తోమే పొడితో కడిగాడు. మణికట్టు నుంచి రక్తం కారింది. "ఏం చేస్తున్నావన్నయ్యా!" అని అరిచాను.

"నీ గిన్నెలు ముట్టుకోవాలి కదే" అన్నాడు, నేనే ఏదో తెలివితక్కువగా మాట్లాడినట్టు.

వదినకి ఫోన్ చేశాను.

"నాకూ చెప్పి చెప్పి నోరు పడిపోయిందమ్మా" అంది. "పిల్లలు పుట్టినప్పుడు నెల దాటేదాకా ఎత్తుకోలేదు తెలుసా? గుమ్మంలో నిలబడి చూసేవాడు. పెళ్లైన కొత్తలో అడిగాను, ఎందుకిలా కడుగుతావు అని. నా చేతుల్లో విషం ఉందే, ఎంత కడిగినా పోదు అన్నాడు. నవ్వుతూనే అన్నాడులే. పురుగుల శిక్షణ కేంద్రంలో సీటొచ్చింది కదా అప్పట్లో, దానికీ పోలేదు. నా చెయ్యి తగిలితే పురుగు బతకదు అని, బస్సు డిపోలో టైర్లు మార్చుకుంటూ కూర్చున్నాడు. నీకు తెలియందేముంది, అంతా రాశావుగా."

"ఆ" అన్నాను.

జూన్ 12

మేడ మెట్ల మీద కూర్చున్నాను. సాయంత్రం. దోమలు. లేచి వచ్చేశాను.

జూన్ 13

ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

ఆ రోజు అమ్మా నాన్నా ఆకు కోతకి వెళ్లారు. అన్నయ్య పక్క చేనులో పురుగుమందు కొట్టే పనికి వెళ్లాడు. పొద్దు వాలేవేళ నేను గదిలో మూల కూర్చుని రాసుకుంటున్నాను. దోమలు కుడుతున్నాయి. కాళ్లు గోక్కుంటూ రాయలేకపోయాను. కథ చివరికొచ్చింది. నాయనమ్మ మంచం కింద నుంచి ఆకుపచ్చ దోమల బత్తి తెచ్చి, ఆకుల బుట్ట చాటున వెలిగించాను.

పురుగుల గదిలో పొగ పెట్టకూడదని నాకు తెలుసు. బీడీ కాల్చిన మనిషినే నాన్న గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. పౌడరు రాసుకుని వచ్చిందని మా పిన్నిని బయటే నిలబెట్టాడు. అన్నం కలుపుకోవడం కంటే ముందు నేర్చుకున్న విషయం అది. అయినా వెలిగించాను. అరగంట. తలుపేసుకుని.

బావి దగ్గర నీళ్ల చప్పుడు వినిపించింది. అన్నయ్య స్నానం చేస్తున్నాడు. బత్తి నలిపి గౌనులో దాచుకున్నాను. తర్వాత తను లోపలికొచ్చి, తట్టతట్టకీ ఆకు వేశాడు.

తెల్లారేసరికి పురుగులన్నీ తలలాడిస్తూ, పచ్చటి నీళ్లు కక్కుతూ చచ్చిపోయాయి. ఆకు నమిలే ఆ వాన చప్పుడు ఆగిపోయింది. నాన్న కేకలు వేయలేదు. ఒక్కటే అడిగాడు.

"స్నానం చేశావా?"

"చేశాను."

"సరిగ్గా చేశావా?"

అన్నయ్య తన చేతులు తిప్పి చూసుకున్నాడు. పదిహేడేళ్ల పిల్లాడు. అంతే, ఆ చూసుకోవడంతోనే అందరూ నమ్మేశారు. తనూ నమ్మేశాడు. నేను తలుపుకి వీపు పెట్టి నిలబడ్డాను, గుమ్మంలో ఉన్న వాళ్లెవరి మొహమూ కనబడకుండా.

దోమలు కుట్టినా సరే ఆరోజే పూర్తిచేయాలనిపించిన ఆ కథేమిటో ఇప్పుడొక్క ముక్క గుర్తులేదు.

జూన్ 14

పదకొండేళ్లు. పదకొండేళ్ల పిల్లకి ఏం తెలుస్తుంది.

ఆయన చేతులకి మందు మిగిలి ఉండొచ్చు కూడా. ఎవరు చెప్పగలరు.

జూన్ 15

పుస్తకం రాసినప్పుడు ముప్పై ఒకటి.

జూన్ 16

డాక్టరు మళ్లీ చూసింది. కుడి చెయ్యి వాచింది. ఆమెకి కోపం వచ్చింది, నా మీద. "మీరు రచయిత్రి కదండీ, నాలుగు మాటలు నచ్చజెప్పలేరా? ఎడమ కన్ను పోగొట్టుకుంటారా?"

ఆటోలో అన్నయ్య నన్ను ఓదార్చాడు. "పోనీలేవే, ఒక కన్నుంటే చాలు. నేనేమన్నా పుస్తకాలు రాయాలా?"

ఏమీ అనిపించడం లేదు. ఇది రాసి చాలాసేపు పేజీ చూస్తూ కూర్చున్నాను. జ్వరంలో పురుగు కూడా ఇంతేనేమో, తల ఎత్తుకుని ఊరికే ఉంటుంది. కానీ దానికి రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

జూన్ 18

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం అన్నం తిన్నాక అన్నయ్య పిలిచాడు. "ఇంట్లో ఉన్న గట్టూ అరుగూ అన్నీ ఎక్కి దిగుతున్నావు, ఏం రాస్తున్నావే? ఇక్కడ కూర్చుని చదువు, వింటా. కళ్లు సెలవు పెట్టాయి గానీ చెవులు డ్యూటీలోనే ఉన్నాయి."

నా బల్ల ముందు నా కుర్చీలో కూర్చుని వ్యాసం చదివాను. తనకి తెగ నచ్చింది. మధ్యమధ్యలో దిద్దాడు. తట్టలు నలభై కాదు, అరవై. కిటికీలు రెండు కాదు, మూడు, మూడోది పందికొక్కు చేసిన కన్నం. ఆకు నమిలే చప్పుడు దగ్గరికొచ్చేసరికి కళ్లు మూసుకున్నాడు. ఎంత హాయిగా ఉందో ఆ మొహం. యాభై ఏళ్లనాటి మొహం.

ఆ వాక్యం వచ్చింది. కాగితం మీద నా దస్తూరితో స్పష్టంగానే ఉంది. "ఆ రోజు అన్నయ్య మందు చేతులతో లోపలికి వచ్చాడు." అన్నయ్య అప్పటికే చేతులు దుప్పటి కింద పెట్టేసుకున్నాడు. ఏం రాబోతోందో తనకి తెలుసు.

"ఆ రోజు అన్నయ్య రాకముందు నేను గదిలో దోమల బత్తి వెలిగించాను" అని చదివాను.

గొంతు మారలేదు. అక్కడ లేనిదంతా చదువుకుంటూ పోయాను. నాయనమ్మ మంచం, ఆకుల బుట్ట, అరగంట, బావి దగ్గర నీళ్ల చప్పుడు. పేజీ కూడా తిప్పాను, వెనక తెల్లగా ఉంది.

"అందులో అలా రాసుందా?" అన్నాడు.

"లేదు."

"మరి?"

"జరిగిందే చెప్పాను."

పైఇంట్లో ఎవరో కుర్చీ లాగారు. అన్నయ్య కళ్లు తెరిచి నా వైపు చూశాడు. ఆ కళ్లకి నేను కనిపించను, ఏదో మసకగా ఉంటానంతే.

"ఎంతసేపు?"

"అరగంట."

"తలుపు?"

"వేసుంది."

"కిటికీల మీద గోనెలు?"

"ఉన్నాయి. తడిపి ఉన్నాయి."

మనసులో ఏదో కొలుచుకున్నట్టు ఆగాడు. "సరిపోతుంది. అందులో సగం పొగ చాలు" అన్నాడు. శిక్షణ కేంద్రానికి వెళ్లి ఉంటే పాఠం చెప్పేటప్పుడు ఇలాగే చెప్పేవాడేమో.

చేతులు దుప్పటిలోంచి తీశాడు. మొహానికి దగ్గరగా పెట్టుకుని తిప్పి తిప్పి చూసుకున్నాడు, కనిపించకపోయినా.

"అయితే ఆ రోజు నేను స్నానం సరిగ్గానే చేశాను" అన్నాడు.

నన్ను క్షమించు అన్నాను. వినిపించుకోలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

జూన్ 19

నాతో మాట్లాడలేదు. పెట్టింది తిన్నాడు. నేను గదిలోకి వెళితే కళ్లు మూసుకున్నాడు.

సాయంత్రం వంటగట్టు దగ్గర ఉండగా వినిపించింది. వదినతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఫోన్ స్పీకర్లో పెట్టడం తప్ప ఇంకో రకంగా మాట్లాడటం ఆయనకి రాదు.

"ఏమే, నేను స్నానం సరిగ్గానే చేశాను."

"ఇవాళా? డాక్టరమ్మ వద్దంది కదా!"

"ఇవాళ కాదే. ఆ రోజు."

వదిన ఏ రోజని అడగలేదు.

"నాన్నకి చెబుదామంటే లేడు. అమ్మా లేదు" అన్నాడు అన్నయ్య. "అందుకని నీకు చెబుతున్నాను."

కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో ఏడ్చాను. ఎప్పుడు ఏడ్చానో గుర్తులేనంత కాలమైంది. బాగా నొప్పిగా ఉంది.

జూన్ 20

వ్యాసం మళ్లీ రాశాను. నా మంచం మీద, ఒళ్లో అట్ట పెట్టుకుని. సంపాదకుడికి పంపేముందు గది గుమ్మంలో నిలబడి అడిగాను. "అచ్చు వేయించనా అన్నయ్యా?"

"నన్నడుగుతున్నావా? ఆ పుస్తకం వేసినప్పుడు అడిగావా?"

"అడగలేదు" అన్నాను. పంపేశాను.

సంపాదకుడు గంటలో ఫోన్ చేశాడు. "మేడమ్, ఇది కల్పనా? నిజమైతే మీ నవల ముందుమాట, దాన్నుంచి పాఠ్యపుస్తకంలో పెట్టిన పాఠం, అన్నీ అబద్ధం..." 

"నిజం. ఒక్క అక్షరం మార్చకండి" అన్నాను.

జూన్ 22

తొమ్మిదిసార్లు. కొన్నిసార్లు కుళాయి దాకా వెళ్లి, చెయ్యి కుళాయి కింద పెట్టి, తిప్పకుండా నిలబడుతున్నాడు. యాభై ఏళ్ల అలవాటు ఒక్క మాటతో ఎక్కడికి పోతుంది.

మందు నేను రాస్తానంటే చేతులు వెనక్కి తీసుకున్నాడు. పైఇంటావిడ వచ్చి రాసింది.

జూన్ 25

నాలుగు. కుడి చెయ్యి వాపు దిగింది.

జూన్ 27

వదిన వచ్చింది, నడుముకి పట్టీ కట్టుకుని. వంట తను చేస్తానంది. నన్ను వంటగట్టు దగ్గర నుంచి జరగమంది, అంతే.

జూలై 1

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఉన్నాను.

పొద్దున డాక్టరు ఆయన చేతులు తిప్పి చూసి, వేళ్ల సందులు కూడా చూసి, ఇవాళే చేసేద్దాం, ముందు ఎడమ కన్ను అంది. చూపు ఎంత వస్తుందో విప్పాకే తెలుస్తుందట. వదిన మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్లింది. మేమిద్దరమే మిగిలాం. పదమూడు రోజుల తర్వాత తనంతట తనే నోరు తెరిచాడు.

"నీ పుస్తకం నేను పూర్తిగా చదవలేదు పిట్టా. ఆ పేజీ దాకా చదివి మూసేశాను."

నాకు తెలీదు. ఇన్నేళ్లూ, అన్నయ్య చదివాడు, ఏమీ అనలేదు కాబట్టి పరవాలేదు అనుకుంటూ వచ్చాను.

"కళ్లొచ్చాక అక్కణ్ణుంచి చదువుతా. నేనే చదువుకుంటా, నువ్వు చదివి వినిపించక్కర్లేదు. మొత్తం అయ్యాక నీతో మాట్లాడతా."

"ఏం మాట్లాడతావు?"

"చదవకుండా ఎలా చెప్పను?"

నర్సు వచ్చి ఆకుపచ్చ గౌను తొడిగింది. లోపలికి వెళ్లేముందు చేతులు కడుక్కోమని కుళాయి చూపించింది. అన్నయ్య ఆగాడు. నా వైపు కాదు, ఆ అమ్మాయి వైపు తిరిగి అడిగాడు.

"ఒక్కసారి చాలామ్మా?"

"చాలు పెద్దాయనా."

ఒక్కసారే కడిగాడు. మణికట్టు దాకా. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్లాడు.

గంట పడుతుందన్నారు. బల్ల లేదు, ఒళ్లో పెట్టుకుని రాస్తున్నాను. తలుపుకి ఎదురుగా కూర్చున్నాను.